నాకు మాటలొచ్చిన ఉదయం

నేను తెలుగు టీచర్ని. నోటి మీద బతికేదాన్ని. అలాంటిదాన్ని ఉద్యోగం ఇంటర్వ్యూకని గుంటూరు వెళ్ళి, ఎవరూ అడక్కుండానే ఒక పూటంతా మూగదాన్నయ్యాను. మర్నాడు పొద్దున్న అందరి ఎదుటా నాకు మాటలొచ్చాయి కూడా. వచ్చినందుకు ఒకావిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఒకావిడ కాఫీ పళ్ళెంతో సహా మోకాళ్ళ మీద కూలబడింది. ఒక ఫాదర్ గారు తన అరచేతుల వంక తనే అనుమానంగా చూసుకున్నారు. ఇంత గందరగోళానికీ మూలం నా మంచితనం. నవ్వటం మొదలుపెట్టేముందు ఆ ఒక్క సంగతీ గుర్తుంచుకోమని నా మనవి.

మాది మార్టూరు పక్కన. నాన్న గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో పని చేసేవాడు. అక్కడ మిషన్లు తిరుగుతుంటే పక్కన పిడుగు పడ్డా వినబడదు. అందుకని ఆ పనివాళ్ళకి చేతుల భాష ఒకటుంది. వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే రాయి పైకి లేపమని. చేతులు రెండూ ఒకదాని మీదొకటి అడ్డంగా పెడితే మిషను ఆపమని. నాన్న ఇంటికొచ్చినా అదే భాష. వేలు తిప్పితే అమ్మ ఇంకాస్త అన్నం పెట్టేది. అలా ఆ భాష మా ఇంటిల్లిపాదికీ వచ్చేసింది. నేను బీఈడీలో నేర్చుకున్నదానికంటే దాన్నే బాగా నేర్చుకున్నాననిపిస్తుంది.

గుంటూరులో సిస్టర్లు నడిపే ఒక బడిలో తెలుగు టీచరు ఖాళీ ఉందని తెలిసింది. పొద్దున పదింటికి ఇంటర్వ్యూ. మార్టూరు నుంచి గుంటూరు ఎంత దూరమని మీరనవచ్చు. క్రితం ఏడాది ఇలాగే మరో ఇంటర్వ్యూకి పొద్దున్నే బయల్దేరితే, చిలకలూరిపేట దగ్గర పత్తి బేళ్ళ లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా పడుకుంది. అది లేచేసరికి నా ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళిపోయింది. ఈసారి కూడా రాకపోతే వేటపాలెంలో మా మేనమామ జీడిపప్పు కంపెనీలో ప్యాకెట్లకి సీళ్ళు వేయటానికి పంపిస్తామని ఇంట్లో తేల్చి చెప్పేశారు. మేనమామ మంచివాడే. ఆయన కొడుక్కి ఇంకా పెళ్ళి కాలేదు. నా భయం జీడిపప్పు గురించి కాదని మీకర్థమయ్యే ఉంటుంది.

అందుకని ముందు రోజే వెళ్ళి అక్కడే ఉండాలనుకున్నాం. మా చర్చిలో సండే స్కూలు చెప్పే రాహేలు పిన్ని దారి చూపించింది.

"గుంటూరులో క్యాథలిక్కుల ప్రార్థనా నిలయం ఉందే. ప్రార్థన చేసుకునేవాళ్ళకే కాదు, పని మీద వచ్చినవాళ్ళకీ గదిస్తారు. అన్నం పెడతారు. ఏ మతమని అడగరు. ఆడపిల్లలకి భద్రం. నేను ఫోన్ చేసి చెప్తాలే."

అమ్మకి మాత్రం చిన్న బెంగ. "మన పద్ధతి వేరు, వాళ్ళ పద్ధతి వేరు. వాళ్ళెట్టా ఉంటే నువ్వూ అట్టా ఉండు. ఎదురు మాట్లాడబాక," అంది. ఈ సలహాని నేను ఎంత దూరం తీసుకెళ్ళానో చూడండి.

మే నెల మిట్టమధ్యాహ్నం బస్సు దిగాను. మిర్చి ఘాటుకి తుమ్ముకుంటూ ఆటో ఎక్కి, తుమ్ముకుంటూనే దిగాను. పెద్ద గేటు, లోపల వేపచెట్లు, రెండంతస్తుల పాత మేడ. ఆవరణలో బోలెడుమంది సిస్టర్లు. ఒకరు నడుస్తున్నారు, ఒకరు బల్ల మీద కూర్చున్నారు, ఒకరు మొక్క వంక చూస్తున్నారు. ఒక్కరి నోట్లోంచీ మాట లేదు. మా వీధిలో ఇద్దరాడవాళ్ళు నిలబడితే మూడో వీధికి వార్తలు అందుతాయి. ఇంతమంది ఆడవాళ్ళ నిశ్శబ్దాన్ని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ కోటయ్య తాతని పట్టుకున్నాను.

"ఏంటి తాతా, ఎవరూ మాట్లాడరే?"

"వాళ్ళు మాట్లాడరమ్మా."

"అందరూనా?"

"అందరూనమ్మా."

"అయ్యో. ఎప్పట్నించి?"

"ఏటా ఇంతేనమ్మా. ఎండాకాలం ఇట్టా అందరూ ఒకచోటికి చేరతారు."

నా గుండె కరిగి నీరైంది. మాటలు రాని సిస్టర్లందరినీ ఏడాదికోసారి ఇక్కడికి పిలిచి ఆదరిస్తున్నారన్నమాట అనుకున్నాను. "ఎంత మంచి పని తాతా," అన్నాను. తర్వాత మా ఊరి సంగతి, లారీ సంగతి, మేనమామ కొడుకు సంగతి కూడా తాతకి చెప్పాను. తాత బీడీ కాల్చుకోవాలని మూడుసార్లు చూసి, చివరికి అగ్గిపెట్టె జేబులో పెట్టేసుకున్నాడు.

ఆఫీసు గదిలో ఒక సిస్టర్ ఫోన్ చెవికి పెట్టుకుని ఉంది. నేను నోరు తెరవబోతే పెదవుల మీద వేలు పెట్టి, తాళం చేతిలో పెట్టి, పైకి చూపించింది. గోడ మీద 'మౌనం' అని పెద్దక్షరాల బోర్డు ఉంది. దాని కింద ఇంకా చాలా రాసి ఉంది. తెలుగు టీచరు కాబోయే మనిషి ఆ మిగతాది కూడా చదవాలి కదా అని మీరడగొచ్చు. అడగండి. నేను ఆ పెద్ద మాట ఒక్కటీ చదివి మెట్లెక్కేశాను.

గదిలో కూర్చుని గట్టిగా ఒక నిర్ణయం తీసుకున్నాను. మాటలు రానివాళ్ళ ముందు గడగడా మాట్లాడటం, ఆకలితో ఉన్నవాళ్ళ ముందు కూర్చుని బిర్యానీ తినటం లాంటిది. ఇక్కడున్నంతసేపూ పెదవి విప్పకూడదు. నాన్న భాష ఉండనే ఉంది.

భోజనాల హాల్లో చప్పుడంతా స్టీలు గరిటెలదే. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు తుమ్ముతున్నారు. తుమ్ముకి మాటలతో పనిలేదు కదా అని సమాధానపడ్డాను. నా ఎదురుగా లావుపాటి కళ్ళద్దాల సిస్టర్ కూర్చుంది, యాభై దాటి ఉంటాయి. వడ్డిస్తున్నది వంటావిడ జోజమ్మ. పప్పు అద్భుతంగా ఉంది. ఇంకాస్త అన్నం కావాలనిపించి, జోజమ్మ వైపు చూసి వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాను.

జోజమ్మ నన్ను చూసింది. పైన తిరుగుతున్న ఫ్యాన్ని చూసింది. వెళ్ళి రెగ్యులేటర్ ఐదులో పెట్టింది.

సిస్టర్ల ముసుగులన్నీ ఒక్కసారి లేచాయి. అప్పడాలు పళ్ళేలు వదిలి బయల్దేరాయి. ఒకటి కళ్ళద్దాల సిస్టర్ మజ్జిగలో దిగింది. నేను కంగారుపడి చేతులు రెండూ అడ్డంగా పెట్టి ఆపమన్నాను. అది సిలువ గుర్తనుకుందేమో జోజమ్మ, భక్తిగా తనూ నుదుటి మీద సిలువ వేసుకుని నిలబడింది. చివరికి కళ్ళద్దాల సిస్టరే లేచి ఫ్యాను తగ్గించి, నా పళ్ళెంలో అన్నం వడ్డించి, నా తల నిమిరింది. పాపం, మాట్లాడలేకపోయినా ఎంత ఆదరణో అనుకున్నాను. 'పాపం, మాటలు రావు గాని ఎంత ఆకలో' అని ఆవిడ అనుకుంటోందని నాకేం తెలుసు.

జోజమ్మకి మామూలుగా మాటలొచ్చు. సిస్టర్లు మౌనంలో ఉన్నారని హాల్లో నోరు కట్టేసుకుని తిరుగుతోంది, అంతే. నేను సైగ చేస్తుంటే నాకు మాటలు రావనుకుని తనూ సైగలు చేసింది. తను సైగలు చేస్తుంటే తనకీ రావని నేననుకున్నాను. పెరుగు కావాలా, ఊరగాయ కావాలా అని ఇద్దరం చేతులతో మల్లయుద్ధం చేసినంత పని చేశాం.

భోజనమయ్యాక అమ్మ ఫోన్ చేసింది. పెరట్లో బట్టలు ఆరేసే చోటికి పరుగెత్తి, దుప్పట్ల మధ్య దూరి ఎత్తాను.

"అన్నం తిన్నావా?"

"తిన్నా," అన్నాను గుసగుసగా.

"ఎందుకే అట్టా మాట్లాడుతున్నావు? ఎవరన్నా పట్టుకున్నారా?"

"లేదమ్మా. ఇక్కడెవరికీ మాటలు రావు."

"ఎవరికీ అంటే?"

"సిస్టర్లందరికీ. వంటావిడకి కూడా. వాచ్‌మన్‌కొక్కడికే వచ్చు."

అమ్మకి అనుమానం వచ్చింది. "మరి రాహేలు ఫోన్ చేస్తే ఎవరో మాట్లాడారంటగా?"

ఇది చాలా మంచి ప్రశ్న. తెలివి ఉన్నవాళ్ళెవరైనా ఇక్కడ ఆగి ఆలోచిస్తారు. నేను మాత్రం, "ఆఫీసులో ఒకావిడని ఫోన్ కోసం పెట్టుకున్నారమ్మా," అన్నాను. అమ్మ కూడా ఒప్పేసుకుంది. మా ఇంట్లో తెలివి ఎవరి నుంచి ఎవరికొచ్చిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

సాయంత్రం ఎండ చల్లబడ్డాక వేపచెట్టు కింద బల్ల మీద కూర్చుని మర్నాటి పాఠం మనసులో వల్లె వేసుకుంటున్నాను. కళ్ళద్దాల సిస్టర్ జపమాల తిప్పుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. నా వంక జాలిగా చూసి, కనుబొమలతో 'ఏం పని మీద వచ్చావు' అన్నట్టు అడిగింది.

గాల్లో బ్లాక్‌బోర్డు గీసి, సుద్దముక్కతో రాసి చూపించాను. మోకాలెత్తున, నడుమెత్తున చేతులు పెట్టి పిల్లల్ని చూపించాను. గేటు బయట బడి ఉన్న వైపు వేలు పెట్టాను. ఆవిడ కళ్ళు అద్దాల వెనక ఇంకా పెద్దవయ్యాయి. తన పెదవులు ముట్టుకుని, మెల్లగా చెయ్యి అడ్డంగా ఊపింది. 'మాటలు రావా?' అని ఆవిడ నన్నడుగుతోంది. నేనేమో 'నాకు మాటలు రావు' అని తన కష్టం చెప్పుకుంటోందనుకున్నాను. నాకు తెలుసులెండి అన్నట్టు కళ్ళు మూసుకుని గుండె మీద చెయ్యేసుకుని తలూపాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. తోడుగా నేనూ తుడుచుకున్నాను. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఫాదర్ గారి దగ్గరికి తీసుకెళ్ళింది.

ఫాదర్ గారు పెద్దాయన, తెల్లంగీలో వరండాలో పచార్లు చేస్తున్నారు. సిస్టర్ ఏవో సైగలు చేసింది. ఆయన నా ముందు వంగి, నోరు ఇంత వెడల్పున తెరిచి, "నీ... పేరు... ఏంటి... అమ్మా?" అన్నారు.

పాపం, ఈయనకి కొంచెం కొంచెం వస్తున్నాయి. కష్టపడి నేర్చుకుంటున్నట్టున్నారు. నేను మెచ్చుకోలుగా తలూపాను. నా పేరు సువార్త. అదెలా చెప్పాలో తెలియక రెండు అరచేతులూ కలిపి పుస్తకంలా తెరిచాను. ఆయన చంకలో ఉన్న బైబిలు నాకిచ్చి, "చదవడం... వచ్చా?" అన్నారు. వచ్చన్నాను సైగతోనే. ఆయన సిస్టర్ వైపు తిరిగి సంతోషంగా తలాడించారు.

తర్వాత నా తల మీద చేతులుంచి కళ్ళు మూసుకున్నారు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఇంటర్వ్యూకి ఆశీర్వాదం కాబోలని నేనూ కళ్ళు మూసుకున్నాను. ఉత్తపుణ్యానికి ఆశీర్వాదం తీసుకోవటం బాగుండదనిపించి, ప్రభువా, ఈ పెద్దాయనకి పూర్తిగా మాటలు రప్పించు తండ్రీ అని లోపల ప్రార్థించాను. ఆయన నా మాటల కోసం, నేను ఆయన మాటల కోసం. పైన వినేవాడు ఆ సాయంత్రం ఎంత తికమకపడి ఉంటాడో.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, కాఫీ కోసం వంటింటి దగ్గర నిలబడ్డాను. జోజమ్మ ఆవరణలోనే ఉన్న చర్చి వైపు చూపించి, ముందు పూజ, కాఫీ ఆ తర్వాతని సైగ చేసింది. వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాను. సిస్టర్లందరూ తలలు వంచుకుని ఉన్నారు. ఫాదర్ గారు పూజా వస్త్రాలతో లోపలికొచ్చారు. ఒక సిస్టర్ హార్మోనియం మీద వేళ్ళు పెట్టింది.

అంతే. హాలు హాలంతా గొంతెత్తి పాడింది.

మీరు నా స్థానంలో ఉంటే ఏం చేసేవారో నాకు తెలియదు. నిన్నటిదాకా ఒక్క అక్షరం పలకని ఆడవాళ్ళు శ్రుతి తప్పకుండా, పై స్థాయిలో, చరణాలకి చరణాలు పాడుతున్నారు. ఫాదర్ గారైతే ఎక్కడా ఆగకుండా గడగడా ప్రార్థన మొదలుపెట్టారు. నా ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. నేను పుట్టి పెరిగిన చర్చిలో సంతోషమొస్తే లోపల దాచుకునే అలవాటు లేదు. లేచి నిలబడి, చేతులు రెండూ ఎత్తి, మార్టూరు మిషన్లని మించిన గొంతుతో, "స్తోత్రం ప్రభువా, మాటలొచ్చాయి," అని అరిచాను.

పాట ఆగిపోయింది. అందరూ వెనక్కి తిరిగారు.

కళ్ళద్దాల సిస్టర్ లేచి నిలబడింది. "ఫాదర్, అమ్మాయికి మాటలొచ్చాయి," అంది కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ.

నా అరుపు విని కాఫీ పళ్ళెంతోనే గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చిన జోజమ్మ అక్కడే మోకాళ్ళ మీద పడి ఏడుపు మొదలుపెట్టింది. ఫాదర్ గారు తన చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

"నాకు కాదండి, మీకొచ్చాయి," అన్నాను నేను.

"మాకెప్పుడూ ఉన్నాయమ్మా. నీకే వచ్చాయి," అంది సిస్టర్.

"నాకూ ఎప్పుడూ ఉన్నాయండి."

"మరి నిన్న మాట్లాడలేదే?"

"మీరు మాట్లాడలేదని."

"మేము మౌన ధ్యానంలో ఉన్నామమ్మా. వారం నుంచీ. ఇవాళ్టితో ముగుస్తోంది. నువ్వెందుకు మాట్లాడలేదు?"

"మీకు బాధగా ఉంటుందని," అన్నాను. ఆ మాట నా చెవులకే ఎలాగో వినబడింది.

ఫాదర్ గారు గొంతు సవరించుకున్నారు. "పూజ మధ్యలో ఉన్నాం. ముందిది పూర్తిచేద్దాం. ఎవరికి మాటలొచ్చాయో టిఫిన్ దగ్గర తేలుద్దాం."

ఆ పూజలో మిగతా భాగం ఎంత పవిత్రంగా సాగిందో చెప్పలేను. ముందు బెంచీల్లో ముసుగులు ఒకటే ఊగుతున్నాయి. అది భక్తి వల్ల కాదని నాకు తెలుసు.

టిఫిన్ దగ్గర మౌనం విడిచిన సిస్టర్ల గోల చూస్తే గుంటూరు రైతు బజారు నయమనిపించింది. కోటయ్య తాత గేటొదిలి పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరికో మాటలొచ్చాయంటగా సిస్టరమ్మా?"

"ఇదిగో, ఈ అమ్మాయికే."

తాత నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఈమెకా? నిన్న గేటు కాడ నా బుర్ర తినేసిందమ్మా. బీడీ కూడా ముట్టించుకోనీలేదు."

జోజమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "నిన్న రాకపోబట్టేగా పెరుక్కోసం అంత అగచాట్లు పడింది. నా కళ్ళతో నేను చూశాను," అంది. మాటలు ఎప్పుడూ ఉన్నాయని నేనెంత మొత్తుకుంటే, ఎంత స్పష్టంగా మాట్లాడుతోందో చూడండని ఆవిడ అంత మురిసిపోయింది. ఫాదర్ గారు నా పక్కనే కూర్చుని ఇడ్లీ తుంచుతూ, "నేను ఆగి ఆగి మాట్లాడింది నీకు అర్థం కావాలని," అన్నారు. "మీకింకా నయమవుతోందనుకున్నానండి," అన్నాను. ఆయనకి పొలమారింది. నీళ్ళిచ్చాను.

పదింటికి బడికి వెళ్ళాను. ప్యూన్ పేరు పిలిస్తే హెడ్‌మిస్ట్రెస్ గది తలుపు తోశాను. బల్లకి అవతల లావుపాటి కళ్ళద్దాలు.

నేను వచ్చిన దారినే వెనక్కి తిరిగాను. నా కళ్ళ ముందు జీడిపప్పు ప్యాకెట్లు కొండలా లేచాయి.

"రా సువార్తా, కూర్చో," అంది సిస్టర్. "నిన్న నువ్వు గాల్లో బోర్డు గీసినప్పుడే తెలిసింది, వచ్చేది ఇక్కడికేనని. రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదమ్మా. మాటలు రాని పిల్లకి తెలుగు పాఠాలెలా ఇవ్వను? వద్దని నీ మొహం మీద ఎలా చెప్పను? చివరికి లైబ్రరీలో వేద్దామని తీర్మానించుకున్నాను. పొద్దున లేచి ఆ మాటే దేవుడికి చెప్పుకుంటున్నా, ఈలోగా నువ్వు వెనక నుంచి అరిచావు."

నాకు నిజంగానే మాట రాలేదు. ఎవరో తెలియని పిల్ల కోసం ఒక మనిషి నిద్ర పోగొట్టుకుందంటే ఏం చెప్పాలో ఏ భాషలోనూ తోచలేదు. ఆవిడే సర్దుకుని, "సరే, ఏదైనా ఒక పాఠం చెప్పి చూపించు," అంది.

ఇక్కడ మీరు నా స్థితి అర్థం చేసుకోవాలి. నిన్న మధ్యాహ్నం నుంచి లోపల అణచిపెట్టుకున్న మాటలు గేట్లెత్తిన కాలవలా ఒక్కసారి వచ్చిపడ్డాయి. సంధుల పాఠం ఎత్తుకున్నాను. సంధుల్లోంచి సమాసాల్లోకి, సమాసాల్లోంచి సామెతల్లోకి, అక్కడ్నించి మా ఊరి గ్రానైటులోకి వెళ్ళాను. కిటికీ దగ్గర వేసవి క్లాసులకొచ్చిన పిల్లలు పోగయ్యారు. బెల్లు మోగింది. మళ్ళీ మోగింది. సిస్టర్ రెండుసార్లు నోరు తెరిచి, సందు దొరక్క మూసుకుంది. ప్యూన్ మంచినీళ్ళు నా కోసం తెచ్చి, నన్ను చూసి, వాటిని ఆవిడకిచ్చి వెళ్ళాడు.

చివరికి నేను ఊపిరి పీల్చుకునేందుకు ఆగిన అర క్షణంలో ఆవిడ అందుకుంది.

"ఉద్యోగం నీకే ఇస్తున్నాను. సోమవారం నుంచి రా." కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, చాలా గంభీరంగా అంది. "ఫాదర్ గారు సాయంత్రం బండికి గాని వెళ్ళరు. నిన్న నీ కోసం చేసిన ప్రార్థన వెనక్కి తీసుకోవటం కుదురుతుందేమో ఒకసారి కనుక్కుని వస్తావా?"

కనుక, చదివేవారందరి సాక్షిగా, నిండు మనస్సుతో, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా నా ఎదుట మౌనంగా ఉంటే, వారికి మాటలు రావా లేక నాతో మాట్లాడటం ఇష్టం లేదా అని ముందుగా నోటితోనే అడిగి తెలుసుకుంటాను. ఈ ప్రమాణాన్ని ఇంతవరకూ ఒక్కసారి కూడా తప్పలేదు. ఇందుకు మా స్టాఫ్ రూములో వారందరూ ఎంతో ఇబ్బంది పడుతున్నారు.